నాలుగో గీత

హన్మకొండల సభ. నా పని మైకు.
ఎవలు మాట్లాడినా నాకు ముందుగాల వినవడేది ఊపిరి.
దగ్గరికొస్తే తగ్గిస్త,
దూరం జరిగితే పెంచుత.

పొద్దున మాట్లాడినాయన గొంతుల బేస్ ఎక్కువ.
"ఒక్క రాయి కూడా దేశం దాటకూడదు.
అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ దొంగలే!"
చప్పట్లు. స్పీకరు సన్నగ కీకవెట్టింది, సర్దిన.

తర్వాతామె నిదానం మనిషి.
"తలుపు మూస్తే సరుకు కిటికీలోంచి పోతుంది.
లైసెన్సులు ఇవ్వండి, లెక్కలు రాయించండి,
దొరికినవాళ్లకు సరైన ధర కట్టండి."
దొరికినవాళ్లంటే రాయి దొరికినోళ్లా,
దొంగలుగ దొరికినోళ్లా?
నాబ్ మీద నా చెయ్యి ఆగింది.

మూడో ఆయన బూడిదరంగు కోటు.
మాటమాటకు డెబ్బై అంటడు,
వెయ్యి తొమ్మిదొందల డెబ్బై.
అంతకు ముందు సముద్రం దాటింది దాటినట్టేనట,
తర్వాత దాటినదానికే కాయితం అడగాల్నట.
పింఛను లెక్క రాళ్లకు గూడ
కటాఫ్ తారీకు ఉంటదని గప్పుడే తెల్సింది.

తెర మీద బొమ్మ వేసిండు.
నల్లరాయి. చామరం పట్టిన ఆడామె,
నడుమొంపు, సగం నవ్వు.
"అరవై ఎనిమిది నుంచి ఒక విదేశీ కుటుంబం దగ్గరుందని
వేలంపాట పుస్తకంలో రాశారు."
నేను గుర్తువట్టలే.
బొమ్మ తిప్పిండు. వీపు.
"వెనుక భాగాన స్వల్ప అరుగుదల."

నాలుగు గీతలు.

పరకాల దాటినంక మా మొగిలిగుట్ట.
పొలం ఒడ్డుకు బోర్లవడి ఉండేది గా రాయి.
కోతలప్పుడు మబ్బుల్నే పోయి
ఇన్ని నీళ్లు చల్లి కొడవండ్లు నూరేది.
నిలువు గీతలు మూడు,
మా అవ్వది, పోశవ్వ పెద్దమ్మది, మా నాయినది.
నాలుగోది అడ్డంగ ఏటవాలు,
మా ఐలేశం కాకది. ఎడమచేతి వాటం.
అవ్వ కాపురానికొచ్చిందే ఎనభై రెండుల సారూ,
అరవై ఎనిమిదిల ఆమెకు కొడవలి పట్టే ఈడే రాలే.

మాకు గామె వీపే తెల్సు.
మొఖం ఉంటదని ఎవలన్నా అనుకున్నమా?

ఒక్కపాలి చూసిన. తొమ్మిదేండ్లు నాకు.
బ్యాటరీ లైటు పట్టింది నేనే.
గడ్డపారలేసి నలుగురు పొర్లిచ్చిండ్రు,
మట్టి పెళ్లలు రాలి కండ్లు బయటవడ్డయి.
"అయ్యో" అన్నడు మా నాయిన,
గంతే, మల్ల తాడు కట్టిండు.
ట్రాలీ మాదే.

ఎనిమిది వేలు.
గా పైసలతోనే మా ఇంట్లకొచ్చింది
మొదటి ఆంప్లిఫైయరు, రెండు గొట్టం మైకులు.
పెండ్లిళ్లు, బోనాలు, ఓట్లు, ఇగో ఇసొంటి సభలు.
నేను తిన్న ప్రతి బుక్కల
కొంచెం రాయిపొడి.

"ప్రశ్నలుంటే అడగండి" అన్నరు.
వైరు లేని మైకు పట్టుకొని వరుసల నడుమ తిరిగిన.
ఒకాయన రుజువులేవన్నడు.
ఒకామె గుళ్లకు కెమెరాలు పెట్టాలన్నది.
ఒక కాలేజీ పిల్లగాడు లేచిండు:
"అంత బొమ్మ పోతే ఆ ఊరోళ్లకు తెల్వదా సార్?"
వాని నోటికాడ మైకు పట్టింది నేనే.
చెయ్యి వణికి చర్రుమన్నది.
"కాస్త సరిగ్గా పట్టుకోవయ్యా" అన్నడు కోటు సారు.

సభ ఒడిసింది. కుర్చీలు మడుస్తున్నరు.
వైరు చుట్టుకుంటనే అవ్వకు ఫోను చేసిన.
"కొడవండ్లు నూరిన రాయి యాదికున్నదా?"
అవుతల కోళ్ల సప్పుడు, దగ్గు.
"గది పోయినంక మల్ల గసొంటి పదును
యే రాయి మీద ఎక్కలే బిడ్డా.
ఎందుకడుగుతున్నవ్?"

కోటు సారు మెట్ల మీద కారు కోసం నిలవడ్డడు.
నా చేతిల మైకు ఇంక ఆన్‌లనే ఉన్నది.
సారూ, అన్న.
హాలంత వినవడ్డది.
గా నాలుగో గీత
ఎడమచేతిది.